అమెరికాలో కొన్న డబుల్ బారెల్ బ్లాక్ పౌడర్ పిస్టల్ హైదరాబాద్‌కి తేవచ్చా? అక్కడే కాల్చాలంటే ఏం చూసుకోవాలి?

కూకట్‌పల్లి నుంచి ఒకరు అడిగిన ప్రశ్న ఇది. డాలస్‌లో ఉండే తమ్ముడు కొత్తగా డబుల్ బారెల్ బ్లాక్ పౌడర్ పిస్టల్, అంటే మూతి నుంచి నల్లమందు నింపి కాల్చే రెండు గొట్టాల పిస్టల్, ఆర్డర్ పెట్టాడు. ఇటలీలో పెడెర్సోలీ కంపెనీ చేసే హౌదా హంటర్. అక్కడ ఎవరూ లైసెన్సు అడగలేదు. "పాతకాలం మోడల్ కదా అన్నయ్యా, ఇండియాలో కూడా లైసెన్సు అక్కర్లేదట, సంక్రాంతికి వస్తూ నీకొకటి తెస్తా" అంటున్నాడట. తేవచ్చా? వేసవిలో ఈయన డాలస్ వెళ్తున్నారు, అక్కడ దాన్ని కాల్చాలంటే ఏం తెలుసుకోవాలి?

ఇండియాకి తేవద్దండి. సూట్‌కేసులో పెట్టి తేవద్దు, విడిభాగాలుగా విప్పి తేవద్దు, షోకేసు బొమ్మ అని రాసి కొరియర్‌లో పంపవద్దు. డాలస్‌లో కాల్చడం మాత్రం తప్పకుండా కాల్చండి. అయితే వెళ్లే ముందు ఒకటి బాగా మనసులో పెట్టుకోండి. డబుల్ బారెల్ పిస్టల్‌లో మొదటి గొట్టం పేలిన క్షణంలో, మందూ గుండూ నిండి ఉన్న రెండో గొట్టం ఇంకా మీ చేతిలోనే ఉంటుంది. ఆ రెండో గొట్టాన్ని మరిచిపోతే ప్రమాదమే. అందుకే ఈ జవాబులో దాని గురించి వివరంగా రాస్తున్నాను.

నేను ఉద్యోగరీత్యా చాలా ఏళ్లు ఒహాయోలో ఉన్నాను. పక్క రాష్ట్రం ఇండియానాలో ఫ్రెండ్‌షిప్ అని చిన్న ఊరుంది. 1933లో పుట్టిన నేషనల్ మజిల్ లోడింగ్ రైఫిల్ అసోసియేషన్‌కి అదే సొంతూరు. మూతి నుంచి మందు కూరి కాల్చే తుపాకులు నేను నేర్చుకున్నది అక్కడి పెద్దవాళ్ల దగ్గర. ఇప్పుడు సైనిక్‌పురిలో ఉంటున్నాను, ఇక్కడ నా దగ్గర అలాంటి తుపాకీ ఒక్కటీ లేదు. ఎందుకు లేదో చెప్పడానికి ముందు చట్టం సంగతి చూద్దాం.

అమెరికాలో లైసెన్సు అడగకపోవడానికి కారణం 1968 నాటి వాళ్ల గన్ కంట్రోల్ యాక్ట్. 1898 దాకా తయారైన తుపాకులనూ, ఇప్పటి రెడీమేడ్ తూటాలు వాడలేని వాటి నకళ్లనూ ఆ చట్టం 'యాంటిక్' కింద వేసి, మామూలు తుపాకుల లెక్కలోంచి తీసేసింది. టెక్సాస్ చట్టం కూడా దాదాపు అదే దారిలో ఉంది. కానీ న్యూజెర్సీ లాంటి రాష్ట్రాల్లో రూల్స్ చాలా గట్టిగా ఉంటాయి. మీ తమ్ముడు రేపు ఉద్యోగం మారి అటు వెళ్తే పిస్టల్ ప్యాక్ చేసే ముందే ఆ రాష్ట్రం రూల్స్ చూసుకోవాలి. ఇంకో మాట. ఆయన హెచ్‌1బీ మీద ఉన్నా, స్టూడెంట్ వీసా మీద ఉన్నా, మామూలు తుపాకీ, తూటాలు దగ్గర పెట్టుకోవడం అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. హంటింగ్ లైసెన్సు ఉండటం లాంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. ఈ పిస్టల్ యాంటిక్ లెక్కలోకి వస్తుంది కాబట్టి ఆ నిషేధం దీనికి తగలదు. అయినా గ్రీన్ కార్డు ఫైలు నడుస్తున్నవాళ్లు ఒకసారి వీసా లాయర్‌ని అడిగి, ఆయన చెప్పింది మెయిల్‌లో రాయించుకుని దాచుకోవడం మంచిది. కాల్చి చూద్దామని రేంజ్‌లో ఎవరైనా స్నేహితుడు తన గ్లాక్, అంటే ఇప్పటి తూటాలు వాడే పిస్టల్, చేతికిస్తే అది వేరే చట్టం కిందికి వెళ్తుంది, ఆ తేడా చాలామంది కుర్రాళ్లకి తెలియదు. పర్యాటక వీసా మీద వెళ్తున్న మీకూ ఇదే వర్తిస్తుంది.

ఇక మన చట్టం. 1959 ఆయుధాల చట్టంలో తుపాకీ అంటే, పేలుడు పదార్థం శక్తితో గానీ మరో రకం శక్తితో గానీ గుండును విసిరేలా చేసిన ఏ ఆయుధమైనా. పాత మోడలా కొత్త మోడలా, మూతి నుంచి నింపుతారా వెనక నుంచి నింపుతారా అన్న తేడా ఆ నిర్వచనంలో లేదు. మరి "లైసెన్సు అక్కర్లేదు" అన్న మాట ఎక్కడి నుంచి పుట్టింది? అదే చట్టంలో సెక్షన్ 45(సి) ఉంది. పాతబడిన, పురాతన విలువ ఉన్న, లేదా పాడైపోయిన ఆయుధాలకి అది మినహాయింపు ఇస్తుంది. కానీ ఆ వాక్యాన్ని చివరిదాకా చదవాలి: రిపేరు చేసినా చేయకపోయినా తుపాకీగా వాడటానికి వీల్లేనిదై ఉండాలి. మీ తమ్ముడి పిస్టల్ నిన్న మొన్న ఫ్యాక్టరీలోంచి వచ్చి, పేల్చి పరీక్షించిన ముద్రలతో ఉంది. అది ఆ మినహాయింపు గుమ్మం కూడా తొక్కదు.

ఇంకో అపోహ కూడా ఉంది. ఆదిలాబాద్ వైపు, నల్లమల వైపు రైతులకి నాటు తుపాకీ లైసెన్సులు ఉండేవి కదా, అదే దారిలో దీనికీ తీసుకోవచ్చు కదా అని అడుగుతారు. సెక్షన్ 13(3)లో రెండు రకాలకి కాస్త తేలిక దారి ఉన్న మాట నిజమే. ఒకటి, ఆత్మరక్షణకో క్రీడకో వాడే, గొట్టం కనీసం 20 అంగుళాలు ఉన్న నున్న గొట్టం తుపాకీ. రెండోది, నిజంగా పంట కాపాడుకోవడానికి వాడే మూతి నుంచి నింపే తుపాకీ. హౌదా పిస్టల్ గొట్టం సుమారు 11 అంగుళాలు. దానితో పంట కాపలా కాస్తామని చెబితే ఏ అధికారీ నమ్మడు. డీలర్ల భాషలో ఎస్‌బీఎంఎల్, డీబీఎంఎల్ అనేవి, అంటే మూతి నుంచి నింపే సింగిల్, డబుల్ తుపాకులు, మన దేశంలోనే లైసెన్సు ఉన్న ఫ్యాక్టరీలు చేస్తాయి. అవన్నీ భుజానికి ఆనించి కాల్చే పొడవాటివి. వాటి గొట్టం కోయించి పిస్టల్ చేయించుకుందామని సలహా ఇచ్చేవాళ్లు కూడా తగులుతారు. గొట్టం పొట్టి చేయడం సెక్షన్ 6 కింద విడిగా ఒక నేరం. ఆ సలహా ఇచ్చిన మనిషికి దూరంగా ఉండండి.

విదేశం నుంచి తేవడానికి సెక్షన్ 10 కింద వేరే లైసెన్సు కావాలి. మామూలు మనిషికి తుపాకీ దిగుమతి దాదాపు మూసుకుపోయిన తలుపు. పేరున్న షూటర్లకి, రైఫిల్ సంఘాలకి మాత్రమే పరిమితంగా తెరిచి ఉంటుంది. 2019 సవరణ తర్వాత శిక్షలు కూడా పెరిగాయి. లైసెన్సు లేకుండా దగ్గర పెట్టుకుంటే కనీసం 2 ఏళ్ల నుంచి 5 ఏళ్ల వరకు జైలు. అక్రమంగా దేశంలోకి తెస్తే కనీసం 7 ఏళ్లు, యావజ్జీవం దాకా వెళ్లొచ్చు. పండక్కి ఇంటికి వచ్చే తమ్ముడు శంషాబాద్‌లో దిగి స్కానర్ దగ్గరే ఆగిపోవడం, అమ్మానాన్నలు స్టేషన్ల చుట్టూ తిరగడం నాకు ఊహించుకోవడానికే కష్టంగా ఉంది. ఈ సంగతి ఆయనతో ఫోన్‌లోనే తేల్చేయండి, మొహమాటపడకండి.

హైదరాబాద్‌లో మామూలు పిస్టల్ లైసెన్సు కావాలంటే మీ ప్రాంతం పోలీస్ కమిషనర్ ఆఫీసుకి ఫారం ఎ-1లో దరఖాస్తు పెట్టాలి. 21 ఏళ్లు నిండాలి, ఆయుధం సురక్షితంగా వాడటంలో శిక్షణ, డాక్టర్ సర్టిఫికెట్ ఉండాలి, ఎందుకు కావాలో కారణం చూపించాలి. సరదా అనేది కారణం కాదు. వస్తే 5 ఏళ్లకి ఇస్తారు. మామూలు మనిషి దగ్గర రెండు తుపాకులకు మించి ఉండకూడదు. లైసెన్సు దొరికినా పెడెర్సోలీ పిస్టల్ ఇక్కడి షాపులో కొనుక్కునే వస్తువు కాదు. నా దగ్గర ఎందుకు లేదో ఇప్పుడు అర్థమైందనుకుంటాను.

ఇంత చెప్పినా మీ తమ్ముడి ముచ్చట నాకు బాగా అర్థమవుతుంది, ఎందుకంటే ఈ పిస్టల్ కథ మన నేలదే. హౌదా అంటే ఏనుగు మీది అంబారీ. 19వ శతాబ్దంలో ఆ అంబారీలో కూర్చుని పులివేటకి వెళ్లే ఇంగ్లీషు దొరలు, గాయపడిన పులి ఏనుగు మీదికి ఎగబాకితే ఆఖరి రక్షణగా పెట్టుకున్న పొట్టి డబుల్ బారెల్ ఇది. మొదట్లో కొన్నింటిని పెద్ద డబుల్ రైఫిళ్లను కోసి చేసేవారు. గురి కోసం తీరిక ఉండదు, మూరెడు దూరంలో పులి ఉంటుంది, అందుకే పెద్ద గుండు, రెండు గొట్టాలు, రెండు ట్రిగ్గర్లు. పులివేటలో పేరు మోసిన మన ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలం కూడా ఆ శతాబ్దం రెండో సగంలోనే మొదలవుతుంది. హైదరాబాద్‌కి మందుగుండుతో అంతకన్నా పాత చుట్టరికమే ఉంది. ఆబిడ్స్ దగ్గర గన్‌ఫౌండ్రీ అన్న పేరు ఊరికే రాలేదు. 1786లో నిజాం అలీ ఖాన్ దగ్గర పనిచేసిన ఫ్రెంచి సేనాని రేమండ్ అక్కడ ఫిరంగులు పోత పోయించాడు. మూసారాంబాగ్ కూడా ఆయన పేరు మీద నిలిచిందే. డాలస్ వెళ్లే ముందు ఒక ఆదివారం తీరిక చేసుకుని సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గ్యాలరీ చూడండి. పాత తుపాకీల్లో గుర్రం, అదే హ్యామర్, ఎక్కడ కొడుతుందో, గొట్టం వెనక భాగం ఎలా మూసి ఉంటుందో కళ్లారా చూస్తే, నేను కింద రాసేది తేలిగ్గా బుర్రకెక్కుతుంది. మహబూబ్ చౌక్ దగ్గర పాత సామాన్ల దుకాణాల్లో కనిపించే పిస్టళ్ల జోలికి మాత్రం పోకండి. అలంకరణ బొమ్మ అయితే పర్వాలేదు. కానీ గొట్టం తెరిచి ఉండి, క్యాప్ (హ్యామర్ దెబ్బకి నిప్పు పుట్టించి మందును అంటించే చిన్న లోహపు టోపీ) తొడిగే చోటు నుంచి లోపలికి రంధ్రం ఉంటే అది బొమ్మ కాదు. అమ్మేవాడు ఎంత ధీమాగా చెప్పినా సరే. పైగా నిజంగానే నూరేళ్లు దాటిన వస్తువైతే 1972 పురావస్తువుల చట్టం కూడా వచ్చి కూర్చుంటుంది.

ఇప్పుడు అసలు పిస్టల్ దగ్గరికి వద్దాం. పెట్టె విప్పగానే తమ్ముణ్ణి గొట్టాల మీద ముద్రలు ఫొటో తీసి పంపమనండి. ఇటలీ తుపాకీలన్నీ బ్రెషా దగ్గర గార్డోనే వాల్ ట్రోంపియాలోని ప్రూఫ్ హౌస్‌లో ఎక్కువ మందుతో పేల్చి చూశాకే అమ్మకానికి వస్తాయి. పెడెర్సోలీ ఫ్యాక్టరీ కూడా 1957 నుంచి ఆ ఊళ్లోనే ఉంది. నక్షత్రం గుర్తు కింద పీఎన్ అని రెండు అక్షరాలు కనిపిస్తాయి. నల్లమందుతో మాత్రమే పరీక్షించాం అని దాని భావం. పక్కన చిన్న గడిలో తయారైన సంవత్సరం కోడ్ ఉంటుంది. ఈ ముద్రలు రెండు గొట్టాలకీ ఉన్నాయో లేదో చూడమనండి. తర్వాత హ్యామర్లు ఒక్కొక్కటి సగం లాగి, ఆ ట్రిగ్గర్ నొక్కితే పడకూడదు. పూర్తిగా లాగి, పక్క ట్రిగ్గర్ నొక్కితే ఇటు హ్యామర్ కదలకూడదు. సాధారణంగా ముందు ట్రిగ్గర్ కుడి గొట్టానికి, వెనకది ఎడమ గొట్టానికి. ఖాళీ పిస్టల్‌తో, నిపుల్ (క్యాప్ తొడిగే చిన్న ముక్కు) మీద తోలు ముక్క పెట్టి, ఇది వేళ్లకి అలవాటయ్యేదాకా చేయాలి. హడావిడిలో రెండు వేళ్లూ లోపలికి దూర్చి రెండు గొట్టాలూ ఒకేసారి పేల్చిన కొత్తవాళ్లని రేంజ్‌లో చూశాను. మణికట్టు మీద గట్టి దెబ్బే పడుతుంది.

మందు విషయంలో ఒకే ఒక్క మాటకి ఎదురు లేదు: ఇప్పటి తూటాల్లో వాడే పొగలేని మందు చిటికెడు కూడా ఇందులో పోయకూడదు. నల్లమందు అంటే సురేకారం, గంధకం, బొగ్గు కలిసిన పాత మందు. ఇది కాలితే పుట్టే ఒత్తిడికి సరిపడా చేసిన గొట్టాలివి. పొగలేని మందు ఒత్తిడి దీనికి ఎన్నో రెట్లు, గొట్టం చీలిపోతుంది, దాన్ని పట్టుకున్న చెయ్యి కూడా మిగలదు. నల్లమందులో పలుకు సైజుని బట్టి గ్రేడులుంటాయి. 3ఎఫ్ సన్నది, 2ఎఫ్ దానికన్నా మోటు. హౌదా హంటర్ లోపల గాడులు ఉన్న .50 క్యాలిబర్ గొట్టాల్లోనూ వస్తుంది, 20 బోరు నున్న గొట్టాల్లోనూ వస్తుంది. పిస్టల్‌తో వచ్చే పుస్తకంలో ఏ గ్రేడు, ఎంత అని రాసి ఉంటుంది. అందులో ఇచ్చిన కనీస కొలతతోనే మొదలుపెట్టండి, పైకొలత దాటొద్దు. యూట్యూబ్‌లో ఎవరో కేకలేస్తూ పోసిన కొలత మీ పిస్టల్‌ది కాదు. అసలు నల్లమందు కొన్ని షాపుల్లోనే దొరుకుతుంది కాబట్టి చాలామంది దానికి బదులుగా అమ్మే పైరోడెక్స్, ట్రిపుల్ సెవెన్ లాంటివి వాడతారు. అవి వాడొచ్చు. కానీ ట్రిపుల్ సెవెన్ బలం ఎక్కువ, నల్లమందు కొలతలో 15 శాతం తగ్గించమని దాని కంపెనీయే చెబుతుంది. వీటన్నింటినీ తూకం వేయరు, గ్రెయిన్ (మందు కొలిచే చిన్న కొలత) గీతలున్న ఇత్తడి కొలపాత్రతో కొలుస్తారు. ఇంట్లో మందు నూరుకుందామన్న ఆలోచన అక్కడైనా ఇక్కడైనా పెట్టుకోకండి. నూరుతుండగా అంటుకున్న మందుకి చేతులు పోగొట్టుకున్నవాళ్లు మన పల్లెల్లోనే ఉన్నారు.

ఇక నింపడం. మొదట రెండు నిపుల్స్ మీదా ఉత్త క్యాప్ తొడిగి, నేల మీద ఒక ఎండుటాకు పెట్టి, దానికి దగ్గరగా మూతి ఉంచి ఒక్కో క్యాప్ పేల్చండి. ఆకు ఎగిరితే దారి తెరిచి ఉన్నట్టు. లోపల నూనె అడ్డం ఉంటే ఆకు కదలదు. తర్వాత ర్యామ్‌రాడ్‌ని, అంటే గుండును లోపలికి నెట్టే కడ్డీని, ఖాళీ గొట్టంలో అడుగుదాకా దించి, మూతి దగ్గర దాని మీద పెన్సిల్‌తో ఒక గీత పెట్టండి. మందూ గుండూ నింపాక మళ్లీ దించి ఇంకో గీత. ఈ రెండు గీతలే మీ కళ్లు. రెండో గీత మూతి దగ్గర ఆగితే నిండి ఉంది, మొదటి గీత దాకా కడ్డీ లోపలికి దిగితే ఖాళీ. రెండో గీత మూతి కంటే పైకి లేచిందంటే ఆ గొట్టంలో రెండోసారి మందు పడినట్టు. డబుల్ బారెల్‌లో అందరూ భయపడాల్సింది దీనికే. ఒకరు పలకరిస్తారు, తల తిప్పుతాం, కుడిదానిలో పోశానా ఎడమదానిలోనా అన్నది పోతుంది. అందుకే నింపుతున్నంతసేపు మాట్లాడకూడదు, ఎవరు పిలిచినా పలకకూడదు. ఎప్పుడూ ఒకే వరస: కుడిదానిలో మందు, ఎడమదానిలో మందు, కుడిదానిలో గుండు, ఎడమదానిలో గుండు. మందు సీసాలోంచి నేరుగా గొట్టంలోకి వంచకండి. లోపల నిప్పు రవ్వ మిగిలి ఉంటే కొలపాత్రలో ఉన్నంతే అంటుకుంటుంది, సీసా అంటుకుంటే చేతిలో బాంబు. గుండు మందు మీద గట్టిగా కూర్చోవాలి, మధ్యలో ఖాళీ ఉండకూడదు. ముఖం ఎప్పుడూ మూతికి ఎదురుగా రాకూడదు. క్యాప్‌లు చిట్టచివర, కాల్చే చోట నిలబడి మూతి టార్గెట్ వైపు పెట్టాకే.

ఇప్పుడు కుడి గొట్టం పేలింది అనుకోండి. పొగ కమ్మేస్తుంది, చెవుల్లో గుయ్యిమంటుంది, పక్కనున్నవాళ్లు చప్పట్లు కొడతారు. కొత్తవాడు చేసే పని ఏంటంటే, ఖాళీ అయినదాన్ని మళ్లీ నింపుదామని పిస్టల్‌ని నిలబెట్టి మూతి మీదకి వంగుతాడు. ఎడమ గొట్టం నిండి ఉంది, దాని మీద క్యాప్ ఉంది, మూతి అతని ముఖం వైపే ఉంది. హ్యామర్ ఏదైనా తగిలి పడితే చాలు. అందుకే నేను నేర్పే పద్ధతిలో ఒకటి కాల్చి ఒకటి నింపడం ఉండదు. రెండూ కాల్చాకే నింపడం. కుడిది కాల్చాక మనసు మారితే, మొదట ఎడమదాని క్యాప్ తీసి జేబులో పెట్టుకోవాలి, తర్వాతే ఇంకో పని.

ఇంకో చిక్కు మొదట్లో ఎవరికీ తట్టదు. మొదటి గొట్టం తన్నే తన్నుకి రెండో గొట్టంలోని గుండు మందు మీద నుంచి కాస్త ముందుకు జరగొచ్చు. 20 బోరులో గుండుకి బదులు చిన్న సీసపు రవ్వలు పోసి పైన అట్టబిళ్ల పెట్టినప్పుడు ఇది మరీ తేలిగ్గా జరుగుతుంది. జరిగిన గుండుకీ మందుకీ మధ్య ఖాళీ ఏర్పడితే ఆ గుండు గొట్టానికి అడ్డు పెట్టిన బిరడాలా పనిచేస్తుంది, ఆ చోట గొట్టం ఉబ్బుతుంది, కొన్నిసార్లు పగులుతుంది. కాబట్టి గుండు బిగుతుగా ఉండేలా దాని చుట్టూ వేసే ప్యాచ్ గుడ్డ మందం ఎంచుకోవాలి. మొదటి రోజు కాల్చేటప్పుడు మొదటి గొట్టం పేలాక, ఎడమదాని క్యాప్ తీసేసి, ర్యామ్‌రాడ్ మెల్లగా దించి గీత చూసుకోండి. గీత అక్కడే ఉంటే ఆ గుండు, ఆ గుడ్డ, ఆ మందు కొలత మీ పిస్టల్‌కి సరిపోయినట్టు. జరిగి ఉంటే మళ్లీ కిందికి నొక్కి కూర్చోబెట్టి, కొత్త క్యాప్ పెట్టి కాల్చేయండి. తర్వాతిసారి మందం గుడ్డ వాడండి. తమ్ముడికి ఈ ఒక్క పేరా చదివి వినిపించినా చాలు.

క్యాప్ టప్పుమని, పిస్టల్ పేలకపోతే? మూతి టార్గెట్ వైపే ఉంచి కనీసం ఒక నిమిషం కదలకుండా నిలబడండి. లోపల మందు ఆలస్యంగా అంటుకునే అవకాశం ఉంది. తర్వాత అదే గొట్టానికి కొత్త క్యాప్ పెట్టి మళ్లీ కొట్టండి. పక్క గొట్టం ట్రిగ్గర్ జోలికి అప్పటిదాకా పోవద్దు. క్యాప్ ముక్కలు వెనక్కి ఎగురుతాయి కాబట్టి కళ్లద్దాలు, చెవులకి రక్షణ తప్పనిసరి. సీసం ముట్టుకున్న చేతులతో తినకూడదు. రేంజ్‌లో బిస్కెట్లు పంచుకునే పిల్లలుంటే ముందే చెప్పండి.

గురి గురించి పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. రెండు గొట్టాలు పక్కపక్కనే ఉన్నా ఒకే చోట తగలవు. కాగితం మీద దగ్గర నుంచి ఒక్కో గొట్టం వేర్వేరుగా కాల్చి, ఏది ఎటు వెళ్తుందో గుర్తు పెట్టుకోవాలి. గురిపోటీల సరదా ఉంటే సింగిల్ బారెల్ టార్గెట్ పిస్టలే సరైనది. మూతి నుంచి నింపే తుపాకుల అంతర్జాతీయ పోటీల్లో 25 మీటర్ల దూరం నుంచి 30 నిమిషాల్లో 13 గుండ్లు కాల్చి, మంచివి 10 లెక్కలోకి తీసుకుంటారు. హౌదా ఆ పనికి చేసింది కాదు. దాని అందం దాని బరువులో, దాని పొగలో ఉంది.

కడగడం అదే రోజు సాయంత్రం కావాలి, మర్నాటికి వాయిదా వేస్తే తుప్పు మొదలవుతుంది. నల్లమందు మసి గాల్లో తేమ పీల్చుకుని ఇనుమును తినేస్తుంది. నిపుల్స్ విప్పి, వేడి నీళ్లు, సబ్బు, బ్రష్షుతో గుడ్డ తెల్లగా వచ్చేదాకా తోమి, బాగా ఆరబెట్టి, పల్చగా నూనె రాయాలి. రెండు గొట్టాల మధ్య పట్టీ పక్కన మసి దాక్కుంటుంది, అక్కడ పాత టూత్ బ్రష్ బాగా పనికొస్తుంది. మర్నాడు ఒకసారి పొడిగుడ్డ తిప్పి చూడండి. ఎర్రగా వస్తే మళ్లీ కడగాలి.

వెనక్కి వచ్చాక ఈ ఇష్టం వదలకపోతే, హైదరాబాద్‌లో చట్టబద్ధమైన దారి ఎయిర్ పిస్టల్. 0.177 బోరు, 20 జౌళ్ల లోపు శక్తి ఉన్న ఎయిర్ పిస్టల్‌కి మన దగ్గర లైసెన్సు అక్కర్లేదు. సెంట్రల్ యూనివర్సిటీ వైపు షూటింగ్ రేంజ్ ఉంది, సిటీలో కోచింగ్ ఇచ్చేచోట్లు కూడా ఉన్నాయి. పొగ ఉండదు, చప్పుడు ఉండదు, కానీ ట్రిగ్గర్ వేలు అక్కడ నేర్చుకున్నంత బాగా ఇంకెక్కడా నేర్చుకోదు. డాలస్ వెళ్లే ముందే రెండు నెలలు అక్కడ చేరితే ఇంకా మంచిది.

చివరగా తిరుగు ప్రయాణం. నల్లమందు, క్యాప్‌లు అమెరికా విమానాల్లో చేతి సామానులోనూ వేయకూడదు, చెక్ ఇన్ సామానులోనూ వేయకూడదు. ఖాళీ మందు డబ్బా, వాడేసిన క్యాప్‌లు, గుర్తుగా దాచుకున్న సీసపు గుండు, ఏదీ తేవద్దు. రేంజ్‌లో వేసుకున్న బట్టలు, బూట్లు, భుజాన తగిలించుకున్న సంచి తమ్ముడి ఇంట్లోనే వదిలేయండి. ఎయిర్‌పోర్టులో పేలుడు పదార్థాల జాడ కోసం చేతులకీ బ్యాగులకీ గుడ్డముక్క రాసి మెషిన్‌లో పెడతారు, మందు మసి ఉంటే అది మోగుతుంది. ఫొటోలు, వీడియోలు ఎన్నైనా తెచ్చుకోండి. సూట్‌కేసు మూసే ముందు మాత్రం జేబులన్నీ తిరగేసి చూడండి, జీన్స్ చిన్న జేబుతో సహా. క్యాప్ బఠాణీ గింజంత ఉంటుంది, సరిగ్గా అందులోనే ఇరుక్కుంటుంది.